కాపర్ టీ – షరీఅత్ ఏమంటుంది?

జుమా నమాజు ముగిశాక, మస్జిదు మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కునే ఆ రెండు నిమిషాల్లోనే జనం ఇమాములను జీవితంలోని అతి పెద్ద ప్రశ్నలు అడుగుతుంటారు. తలాఖు, వారసత్వం, బ్యాంకు వడ్డీ, అమ్మాయి పెళ్ళి – అన్నీ అక్కడే, నిలబడే. దాదాపు పదేళ్ళ క్రితం, నేను మదరసాలో దస్తార్‌బందీ చేయించుకొని వచ్చిన కొత్తలో, ధర్పల్లిలో ఒక యువకుడు నన్ను అలాగే పక్కకు పిలిచాడు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు: "మౌలానా సాబ్, మా ఇంట్లోవాళ్ళకు దవాఖానాలో కాపర్ టీ వేస్తామంటున్నారు. జాయెజా, నాజాయెజా?"

నేను "నాజాయెజ్" అన్నాను. ఒక్క మాట. అతను తల వంచుకొని సలాం చెప్పి వెళ్ళిపోయాడు.

నిజం చెప్పాలంటే అప్పటికి కాపర్ టీ అంటే ఏమిటో నాకు తెలియదు. అది గర్భంలోని పిండాన్ని చంపే వస్తువని ఎవరో అనగా విన్నాను, అంతే. అతని భార్య వయసెంత, ఆమెకు ఎందరు పిల్లలు, ఆమె ఆరోగ్యం ఎలా ఉంది – ఏదీ అడగలేదు. ఒక విషయంపై తీర్పు ఇవ్వాలంటే ముందు ఆ విషయం స్వరూపం తెలిసి ఉండాలని మా ఉస్తాదులు మొదటి సంవత్సరంలోనే నేర్పారు. ఆ పాఠాన్ని నేను మెట్ల మీదే మరచిపోయాను.

రెండేళ్ళ తర్వాత తెలిసింది. ఆ అమ్మాయికి ఆ మధ్యలో మరో రెండు కాన్పులు అయ్యాయి. రెండవదానికి రక్తం ఎక్కించాల్సి వచ్చింది. ఇక భరించలేక, ఎవరినీ అడగకుండా, ఇరవై మూడేళ్ళ వయసులో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుంది. కొన్నేళ్ళ తర్వాత తీసేయగలిగే ఒక సాధనాన్ని నేను హరామ్ అన్నాను. ఫలితంగా ఆమె, ఉలమాలందరూ దాదాపు ఏకాభిప్రాయంతో అంతకన్నా తీవ్రమైనదిగా భావించే శాశ్వత నిరోధానికి వెళ్ళింది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. మన తెలంగాణలో, అంతకుముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, ప్రభుత్వ కుటుంబ ఆరోగ్య సర్వేలు ఎప్పుడు జరిగినా ఒకే సంగతి చెబుతున్నాయి: కుటుంబ నియంత్రణ పాటించేవారిలో అత్యధికులు ఆడవాళ్ళ ఆపరేషన్నే ఎంచుకుంటున్నారు, అదీ చాలా చిన్న వయసులో. కాపర్ టీ వంటి తాత్కాలిక సాధనాల వాటా అతి స్వల్పం. ముస్లిం ఇళ్ళు దీనికి పెద్దగా మినహాయింపు అని నేను అనుకోను. మనం వేదికల మీద "కుటుంబ నియంత్రణ హరామ్" అని గంభీరంగా చెబుతాం. మన ఆడబిడ్డలు నాలుగైదేళ్ళు ఆ మాట విని, చివరికి అలసిపోయి, అన్నిటికన్నా గట్టిగా నిషేధించబడిన దానికే వెళుతున్నారు. తేడాలు చెప్పకుండా అన్నిటినీ ఒకే గాటన కట్టినందుకు మనమే జవాబు చెప్పుకోవాలి.

ముందుగా ఆ వస్తువు ఏమిటో చూద్దాం. కాపర్ టీ అంటే ఇంగ్లీషు 'టీ' అక్షరం ఆకారంలో ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్క. దానికి సన్నని రాగి తీగ చుట్టి ఉంటుంది. శిక్షణ పొందిన డాక్టరు లేదా నర్సు దాన్ని గర్భసంచిలో అమరుస్తారు. కింద సన్నని దారం ఉంటుంది. తీసేయాలనుకున్నప్పుడు ఆ దారాన్ని పట్టుకొని కొన్ని నిమిషాల్లో తీసేస్తారు. మన ప్రభుత్వ దవాఖానాల్లో ఉచితంగా వేసే వాటిలో 380ఏ అనేది పదేళ్ళు, 375 అనేది ఐదేళ్ళు పనిచేస్తాయి. తీసిన తర్వాత గర్భధారణ శక్తి త్వరగానే తిరిగి వస్తుంది. రాగికి బదులు హార్మోన్ మందు ఉండే మరో రకం కూడా ఉంది. దాని ఖరీదు ఎక్కువ.

అది ఎలా పనిచేస్తుందన్నదే ధర్మశాస్త్రం దృష్టిలో అసలు ప్రశ్న. రాగి నుండి వెలువడే కణాలు పురుష బీజాలను నిర్వీర్యం చేస్తాయి. అవి అండాన్ని చేరలేవు, చేరినా దాన్ని ఫలదీకరించలేవు. ఈ సాధనాలు ప్రధానంగా ఫలదీకరణ జరగకముందే పనిచేస్తాయన్నదే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1987లో ప్రకటించిన నివేదిక సారాంశం. అయితే అరుదుగా, ఫలదీకరణ జరిగిన తర్వాత అది గర్భసంచి గోడకు అంటుకోకుండా చేసే అవకాశాన్ని వైద్యులు పూర్తిగా కొట్టిపారేయడం లేదు. ముఖ్యంగా, కలయిక జరిగిపోయిన తర్వాత ఐదు రోజుల్లోపు అత్యవసరంగా వేయించుకున్నప్పుడు ఆ అవకాశం ఉంటుంది. ఈ తేడాను గుర్తుంచుకోండి. మళ్ళీ దీని దగ్గరకు వస్తాం.

దైవప్రవక్త ముహమ్మద్ (స) కాలంలో రాగి తీగలు లేవు. కానీ ప్రశ్న ఉంది. అప్పుడు జనం పాటించిన పద్ధతిని 'అజల్' అంటారు. అంటే వీర్యం గర్భాశయంలో చేరకుండా పురుషుడు జాగ్రత్తపడటం. ఖుర్ఆన్ అవతరిస్తున్న రోజుల్లోనే తాము అజల్ పాటించేవారమని హజ్రత్ జాబిర్ (రజి) తెలియజేశారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఈ ఉల్లేఖనం ఉంది. ఆ సంగతి దైవప్రవక్త (స) వరకు చేరినా ఆయన వారించలేదని ముస్లింలోని ఉల్లేఖనంలో అదనంగా ఉంది. వహీ వస్తున్న రోజుల్లో అది నిజంగా హరామ్ అయి ఉంటే మౌనంగా వదిలేసేవారు కాదు కదా!

మరో ఉల్లేఖనం ప్రకారం ఒక వ్యక్తి వచ్చి అజల్ గురించి అడిగితే, కావాలంటే చేసుకోమని, అయితే విధిలో రాసి ఉన్నది మాత్రం వచ్చి తీరుతుందని ఆయన (స) తెలియజేశారు. కొంతకాలానికి అదే వ్యక్తి తిరిగి వచ్చి, ఆమె గర్భం దాల్చిందని చెప్పాడు. ఇది చదివినప్పుడల్లా నాకు దవాఖానా గోడ మీది పోస్టరు గుర్తొస్తుంది. కాపర్ టీ వేయించుకున్న నూరు మందిలో మొదటి ఏడాది ఒకరికన్నా తక్కువ మందికి గర్భం వస్తుందట. తక్కువే, కానీ సున్నా కాదు. సాధనం మన చేతిలో ఉంది, ఫలితం మన చేతిలో లేదు. కాబట్టి "కాపర్ టీ వేయించుకోవడం తఖ్దీర్‌ను ఎదిరించడం" అనే వాదన నిలవదు. ఎదిరించగలిగే వస్తువే అయితే ఆ వ్యక్తిని దైవప్రవక్త (స) అప్పుడే ఆపేవారు.

దీనికి ఎదురుగా నిలిచే హదీసును దాచిపెట్టి వాదించడం న్యాయం కాదు. హజ్రత్ జుదామా బిన్తె వహబ్ (రజి) ఉల్లేఖనం ముస్లింలోనే ఉంది. అందులో అజల్‌ను 'గుప్తమైన సజీవ సమాధి'గా పేర్కొన్నారు. అజ్ఞానకాలంలో అరబ్బులు ఆడపిల్లలను బతికుండగానే పాతిపెట్టేవారు. ప్రళయదినాన ఆ పసికందు ఏ పాపానికి చంపబడిందో ప్రశ్నించబడుతుందని తక్వీర్ సూరా హెచ్చరిస్తోంది. ఆ పోలిక వింటేనే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. అందలుస్‌కు చెందిన ఇమామ్ ఇబ్నె హజ్మ్ ఈ హదీసు ఆధారంగానే అజల్‌ను నిషిద్ధమన్నారు. కాని మిగిలిన ఇమాములు రెండు రకాల హదీసులనూ పక్కపక్కన పెట్టి చూశారు. అజల్ చిన్నపాటి సజీవ సమాధి అని యూదులు అనేవారు. ఆ మాటను దైవప్రవక్త (స) తోసిపుచ్చినట్టు అబూదావూద్‌లో ఉంది. కనుక జుదామా (రజి) హదీసులోని మాట ఇష్టపడదగనిది అన్న అర్థంలోనే తప్ప, హత్య అన్న అర్థంలో కాదని అధిక సంఖ్యాక పండితుల నిర్ణయం. హజ్రత్ ఉమర్ (రజి) సభలో ఈ చర్చ వచ్చినప్పుడు, మూమినూన్ సూరాలో చెప్పిన సృష్టి దశలన్నీ గడిచేవరకు దాన్ని సజీవ సమాధి అనలేమని హజ్రత్ అలీ (రజి) వివరించగా, ఉమర్ (రజి) దాన్ని సమర్థించారని కూడా గ్రంథాలలో వచ్చింది.

ఇక్కడ ఒక చిన్న మాట. జుదామా (రజి) ఉల్లేఖనంలోనే మరో సంగతి కూడా ఉంది. పాలిచ్చే తల్లితో సంసారం చేయడాన్ని నిషేధించాలని దైవప్రవక్త (స) మొదట అనుకున్నారు. కాని రోమన్లు, పర్షియన్లు అలా చేస్తున్నా వారి పిల్లలకు హాని కలగడం లేదని గమనించి మానుకున్నారు. అంటే పాలు తాగే బిడ్డ మేలు కోసం, కళ్ళెదుట కనిపించే అనుభవాన్ని ఆధారంగా తీసుకొని ఆయన ఆలోచించారు. దవాఖానాలో డాక్టరమ్మ చెప్పే మాటను "దీన్‌కు సంబంధం లేని మాట" అని తీసిపారేసేవారు ఈ హదీసును ఒకసారి చదవాలి.

ఇప్పుడు మన హనఫీ గ్రంథాల్లోకి వద్దాం. చాలామంది ఉలమాలు కూడా గమనించని ఒక చర్చ అక్కడ ఉంది. హిజ్రీ పదవ శతాబ్దంలో ఈజిప్టులో ఇబ్నె నుజైమ్ అనే పేరుతో ప్రసిద్ధులైన ఇద్దరు అన్నదమ్ములు ఉండేవారు, ఇద్దరూ గొప్ప ఫఖీహులు. అన్నగారు 'అల్ బహ్రుర్ రాయిఖ్' రాశారు, తమ్ముడు 'అన్నహ్రుల్ ఫాయిఖ్' రాశారు. స్త్రీలు గర్భం రాకుండా గర్భాశయ ద్వారాన్ని మూసుకునే అలవాటు ఆ రోజుల్లోనే ఉంది. భార్య అనుమతి లేకుండా భర్త అజల్ చేయకూడదు కాబట్టి, అదే న్యాయం ప్రకారం భర్త అనుమతి లేకుండా భార్య ఇలా చేయడం హరామ్ కావాలని అన్నగారు అభిప్రాయపడ్డారు. తమ్ముడు ఒప్పుకోలేదు. ఆమె అలా చేసుకోవచ్చన్నారు. తర్వాతి కాలంలో డమాస్కస్‌కు చెందిన అల్లామా ఇబ్నె ఆబిదీన్ తన 'రద్దుల్ ముహ్తార్'లో ఈ రెండు మాటలనూ నమోదు చేశారు. నేను చదువుకునే రోజుల్లో ఈ పేజీ దాటి వెళ్ళిన గుర్తు ఉంది. కాని అది నా పొరుగింటి ఆడబిడ్డ ప్రశ్నకు జవాబని అప్పుడు తట్టలేదు!

గమనించండి. అన్నదమ్ముల తగాదా భర్త అనుమతి గురించే. గర్భాశయ ద్వారం మూయడమనే సాధనం అసలు హరామా అని ఇద్దరిలో ఎవరూ వాదించలేదు. కాపర్ టీ కూడా మౌలికంగా ఆ కోవకు చెందినదే.

అయితే "మౌలికంగా" అన్న మాట దగ్గర ఆగాలి. ఇమామ్ గజాలీ (రహ్మ) 'ఇహ్యా ఉలూమిద్దీన్'లో గీసిన గీత ఇక్కడ చాలా అవసరం. అజల్ వేరు, గర్భస్రావం వేరు అంటారాయన. స్త్రీ పురుషుల బీజాలు గర్భంలో కలిసి ప్రాణాన్ని స్వీకరించడానికి సిద్ధమైన తర్వాత దాన్ని చెడగొట్టడం అపరాధం. అది రక్తపు గడ్డగా, మాంసపు ముద్దగా మారాక అపరాధం మరింత పెద్దది. ఆత్మ ఊదబడ్డాక ఇంకా ఘోరం. హనఫీలలో కొందరు నూట ఇరవై రోజులలోపు విషయంలో కొంత సడలింపు చూపారు. కాని ఇమామ్ ఖాజీఖాన్ వంటివారు దానికి సుముఖంగా లేరు. ఇహ్రామ్‌లో ఉన్నవాడు వేట పక్షి గుడ్డు పగలగొడితే పరిహారం చెల్లించాలి, ఎందుకంటే గుడ్డు పక్షికి మూలం. అలాంటప్పుడు మనిషికి మూలమైనదాన్ని కారణం లేకుండా చెడగొడితే పాపం కాకుండా ఎలా పోతుందన్నది ఆయన తర్కం.

ఈ గీత ప్రకారం నా అవగాహన ఇది. మామూలుగా, నెలసరి తర్వాతో కాన్పు తర్వాతో, గర్భం లేదని నిర్ధారించుకొని వేయించుకునే కాపర్ టీ బీజాలు కలవకుండా ఆపే సాధనం. అది అజల్ వంటిది. ఎప్పుడో అరుదుగా మరోలా పనిచేయవచ్చన్న సందేహం ఆ తీర్పును మార్చదు. అధికంగా జరిగేదాని మీదే తీర్పు ఆధారపడుతుంది. కాని కలయిక జరిగిపోయాక, గర్భం నిలుస్తుందేమోనన్న భయంతో అత్యవసరంగా వేయించుకోవడం అంత తేలిక కాదు. అక్కడ నిజమైన అనారోగ్య కారణం ఉండాలి, ఒక ముఫ్తీని అడిగి నిర్ణయించుకోవాలి. ఇక గర్భం వచ్చిందని తెలిసిన తర్వాత దాన్ని తీయించుకోవడానికి ఈ సాధనాన్ని సాకుగా చూడటం పూర్తిగా వేరే విషయం. దానికి ఈ వ్యాసంలో అనుమతి వెతకవద్దు.

సమకాలీన పండితులు సామూహికంగా కూర్చొని చెప్పింది కూడా దీనికి దగ్గరగానే ఉంది. 1988 డిసెంబరులో కువైట్‌లో జరిగిన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ సమావేశం సంతానాన్ని పరిమితం చేసే చట్టాలు చేయడాన్ని, అవసరం లేకుండా శాశ్వతంగా సంతాన శక్తిని పోగొట్టడాన్ని నిషిద్ధమన్నది. కాని కాన్పుల మధ్య ఎడం కోసం, లేదా కొంతకాలం ఆపడం కోసం, భార్యాభర్తలు సంప్రదించుకొని ఇష్టపడి తాత్కాలిక సాధనాలు వాడుకోవచ్చని తీర్మానించింది. అందులో హాని ఉండకూడదు, ఉన్న గర్భంపై దాడి ఉండకూడదు. మరుసటి ఏడాది 1989లో మౌలానా ఖాజీ ముజాహిదుల్ ఇస్లాం ఖాస్మీ (రహ్మ) ఆధ్వర్యంలో ఢిల్లీలో జరిగిన మన దేశపు ఫిఖహ్ సెమినార్ మరికొంత జాగ్రత్తగా మాట్లాడింది. చిన్న కుటుంబం ఫ్యాషనని తాత్కాలిక సాధనాలు వాడటాన్ని ఒప్పుకోలేదు. తల్లి బలహీనత, వైద్యుల సలహా, బిడ్డల మధ్య తగిన ఎడం వంటి కారణాలుంటే ఒప్పుకుంది.

మన పెద్దల స్వరం ఈ విషయంలో ఒకప్పుడు అంత కటువుగా ఎందుకు ఉండేదో కూడా యువతరం తెలుసుకోవాలి. 1965లో మన దేశంలో 'లూప్' అనే సాధనాన్ని పెద్దయెత్తున ప్రవేశపెట్టారు. టార్గెట్ల కోసం హడావుడిగా వేశారు, తర్వాత రక్తస్రావంతో బాధపడిన స్త్రీలను పట్టించుకున్నవారు తక్కువ. 1975-77 ఎమర్జెన్సీలో సంగతి మరింత ముదిరింది. 1976లో ఢిల్లీ తుర్క్‌మాన్ గేట్ దగ్గర, హర్యానాలోని ఉటావర్ గ్రామంలో జరిగినవి ముస్లింల జ్ఞాపకంలో ఇప్పటికీ ఉన్నాయి. ఉటావర్‌లో పోలీసులు ఊరిని చుట్టుముట్టి మగవాళ్ళను ఆపరేషన్లకు తీసుకుపోయారు. ఆ రోజుల్లో "హరామ్" అన్న ఉలమాలు ఒక రాజ్యపు బలవంతానికి ఎదురు నిలబడ్డారు. వారికి అల్లాహ్ మంచి ప్రతిఫలం ప్రసాదించుగాక! కాని బలవంతానికి చెప్పిన జవాబును, ఈ రోజు బిడ్డకు పాలిస్తూ తూలిపడే తల్లికి కూడా అదే గొంతుతో చెప్పడం సరికాదు.

ఉద్దేశం సంగతి. పేదరికపు భయంతో సంతానాన్ని చంపవద్దని ఖుర్ఆన్ అన్ఆమ్ సూరాలోనూ, బనీ ఇస్రాయీల్ సూరాలోనూ ఆదేశించింది. ఉపాధినిచ్చేవాడు అల్లాహ్‌యే. "మరో బిడ్డ పుడితే తిండి ఎక్కడిది?" అన్న ఆలోచన విశ్వాసానికి శోభనివ్వదు. "మళ్ళీ ఆడపిల్ల పుడితే?" అన్న భయం అయితే అజ్ఞానకాలపు వాసనే. ఇమామ్ గజాలీ (రహ్మ) కూడా దాన్ని దుష్ట ఉద్దేశమన్నారు. కాని అదే గజాలీ (రహ్మ) భార్య ప్రాణాన్ని, ఆరోగ్యాన్ని, చివరికి ఆమె అందాన్ని కాపాడుకోవడం కోసం అజల్ చేయడం నిషిద్ధం కాదన్నారు. ఎక్కువ సంతానం వల్ల మితిమీరిన శ్రమలో పడిపోతామన్న జాగ్రత్త కూడా నిషిద్ధం కాదని, అయితే తవక్కుల్ అంతకన్నా ఉత్తమమని రాశారు. తొమ్మిది వందల ఏళ్ళ క్రితం ఒక ఇమామ్ భార్య అందాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు. మనం ఆమె రక్తాన్ని కూడా లెక్కలోకి తీసుకోవడం లేదు.

బఖరా సూరా 233వ ఆయతులో పూర్తిగా రెండేళ్ళు పాలివ్వడం గురించి చెబుతూనే, బిడ్డ కారణంగా తల్లికి గాని తండ్రికి గాని నష్టం కలిగించరాదన్నారు. పాలు మాన్పించే విషయంలో కూడా ఇద్దరూ ఇష్టపడి, సంప్రదించుకొని నిర్ణయించుకోవాలన్నారు. పాలు మాన్పించడానికే ఇంత సంప్రదింపు ఉంటే, మళ్ళీ గర్భం దాల్చే విషయం ఒక్కరి ఇష్టం మీద ఎలా ఆధారపడుతుంది?

ఇక మన ప్రాంతానికి వద్దాం. ధర్పల్లి, భీంగల్, ఆర్మూర్ నుండి అటు బోధన్ వరకు మన ముస్లిం ఇళ్ళను చూడండి. నిజాం షుగర్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో బోధన్ పక్క కొన్ని కుటుంబాలకైనా ఇంటి దగ్గర పని ఉండేది. 2015లో అది కూడా మూతపడింది. మగవాడు సౌదీలోనో, దుబాయ్‌లోనో, ఖతర్‌లోనో ఉంటాడు. ఆమె ఇంటి అరుగు మీద చేట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుడుతుంది. రెండేళ్ళకోసారి అతను ఛుట్టీకి వస్తాడు. ఛుట్టీకి ఒక బిడ్డ. అతను వెళ్ళాక కడుపు, కాన్పు, పాలు, బీడీల లెక్క, పిల్లల స్కూలు, అత్తమామల సేవ అంతా ఆమె ఒక్కతే. బీడీ ఆకు కత్తిరిస్తూ కడుపుతో గంటలకొద్దీ వంగి కూర్చున్న ఆ స్త్రీకి కాన్పుల మధ్య ఎడం కావాలనిపిస్తే అది ఫ్యాషన్ కాదు.

ఇలాంటి ఇళ్ళలో మూడు చిక్కులు వస్తున్నాయి. ఒకటి, అనుమతి. భర్త దూరంగా ఉన్నాడని అత్తగారు నిర్ణయం చేస్తారు. అత్తగారి పట్ల గౌరవం వాజిబే, కాని ఈ విషయంలో షరీఅత్ ఆమెకు ఏ అధికారమూ ఇవ్వలేదు. ఫోన్లున్న ఈ కాలంలో భర్తతో మాట్లాడుకోవడం కష్టం కాదు. ఇబ్నె నుజైమ్ సోదరుల్లో తమ్ముడి మాట ప్రకారం భార్యకు స్వేచ్ఛ ఉన్నా, నేను మాత్రం అడిగినవారికి ఇద్దరూ మాట్లాడుకోమనే చెబుతాను. దాచిన విషయం తర్వాత బయటపడి సంసారాలు చెడిన సందర్భాలు చూశాను. అయితే ప్రాణానికి ముప్పు అని వైద్యులు చెప్పినా భర్త మొండికేస్తే, అతని అనుమతి కోసం ఆమె చావనవసరం లేదు.

రెండవది దవాఖానా వైపు నుండి వచ్చే తప్పు. కాన్పు అయిన వెంటనే, మాయ పడిన పది నిమిషాల్లోనో రెండు రోజుల్లోపో కాపర్ టీ వేసే పద్ధతి ఇప్పుడు ఉంది. వైద్యపరంగా అందులో తప్పు లేదు. కాని మాకు తెలిసిన ఒకామెకు ఒక ఆసుపత్రిలో అడగకుండానే వేశారు. కడుపు నొప్పి అని మూడు నెలల తర్వాత స్కానింగ్ తీయిస్తే సంగతి తెలిసింది. ప్రభుత్వ నియమాలే ముందుగా వివరించి ఒప్పుకోలు తీసుకోవాలంటాయి. శరీరం అల్లాహ్ ఇచ్చిన అమానతు. నొప్పుల్లో మెలికలు తిరుగుతున్న స్త్రీ "ఊఁ" అన్నది ఒప్పుకోలు కాదు. నెలలు నిండేలోపే నర్సుకు "కావాలి" అనో "వద్దు" అనో స్పష్టంగా చెప్పి, కార్డు మీద రాయించుకోండి.

మూడవది నాలుకలు. "మొగుడు దుబాయ్‌లో ఉంటే ఈమెకు కాపర్ టీ ఎందుకట?" ఈ మాట మన వీధుల్లోనే విన్నాను. చెప్పడానికే సిగ్గుగా ఉంది. పదేళ్ళు ఉండే సాధనాన్ని భర్త విమానం ఎక్కినప్పుడల్లా తీయించుకొని, దిగినప్పుడల్లా వేయించుకుంటారా? అనుమానాలకు దూరంగా ఉండమని హుజురాత్ సూరా ఆదేశిస్తోంది. శీలవతులైన స్త్రీలపై నింద మోపి నలుగురు సాక్షులను తేలేనివారికి నూర్ సూరా ఎనభై కొరడా దెబ్బలు విధించింది. కాపర్ టీ హరామా కాదా అని నన్ను గట్టిగా నిలదీసినవాళ్ళలో, ఈ మాటలు హరామా కాదా అని అడిగినవారు ఇంతవరకు ఒక్కరూ లేరు.

ఆచరణకు సంబంధించిన కొన్ని సంగతులు కూడా చెప్పాలి. స్త్రీలు ఎక్కువగా వీటినే అడిగిస్తారు. మర్మస్థానాల పరదా విషయంలో మహిళా డాక్టరు లేదా నర్సు దొరికినంత వరకు పురుష డాక్టరు దగ్గరకు వెళ్ళకూడదు. కాపర్ టీ లోపల ఉండగా గుసుల్ నెరవేరుతుంది, ఎందుకంటే గర్భసంచి లోపలి భాగాన్ని కడగడం గుసుల్‌లో విధి కాదు. దారం కూడా అడ్డు కాదు.

కాపర్ టీ వేయించుకున్నాక మొదటి కొన్ని నెలలు నెలసరి ఎక్కువ రోజులు రావచ్చు, రక్తం ఎక్కువ పోవచ్చు. హనఫీ మస్‌లక్‌లో హైజ్ గరిష్ఠ కాలం పది రోజులు. ఒకామె అలవాటు ఆరు రోజులు అనుకుందాం. ఇప్పుడు తొమ్మిది రోజులు వచ్చి ఆగితే తొమ్మిదీ హైజే, నమాజు లేదు. కాని పదమూడు రోజులు సాగితే ఆమె పాత అలవాటైన ఆరు రోజులు మాత్రమే హైజ్, మిగిలిన ఏడూ ఇస్తిహాజా. పదవ రోజు దాటగానే గుసుల్ చేసి నమాజు మొదలుపెట్టాలి, ఏడవ రోజు నుండి పదవ రోజు వరకు వదిలేసిన నమాజులను ఖజా చేసుకోవాలి. రెండు నెలసరుల మధ్య పదిహేను రోజులు నిండకముందే కనిపించే మరకలు కూడా ఇస్తిహాజాయే. వాటితో నమాజు, రోజా ఆగవు, వుజూ చేసుకుంటే చాలు. తెలియక రమజాన్‌లో సగం రోజాలు వదిలేసినవారు ఉన్నారు. కాబట్టి క్యాలెండరు మీద తేదీలు గుర్తు పెట్టుకోవడం అలవాటు చేసుకోండి.

రక్తం ఎక్కువ పోవచ్చన్న ఈ సంగతి మన బీడీ కార్మిక సోదరీమణులకు చిన్న విషయం కాదు. వారిలో చాలామందికి ముందే రక్తం తక్కువ. సాధనం జాయెజ్ అయినంత మాత్రాన అందరికీ సరిపోదు. హాని చేయడం, హాని పొందడం రెండూ ఇస్లాంలో లేవన్న సూత్రం ఇక్కడ కూడా వర్తిస్తుంది. ఇన్ఫెక్షన్ ఉన్నవారు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవారు ముందు వైద్యం చేయించుకోవాలి. నా ఫత్వా డాక్టరు పరీక్షకు బదులు కాదు.

గత రమజాన్‌కు ముందు, ధర్పల్లిలో మా ఇంటికి ఒక చెల్లెలు తన వదిన తరఫున వచ్చింది. మా ఇంట్లోవాళ్ళ ద్వారా అదే పాత ప్రశ్న అడిగించింది. ఈసారి నేను వెంటనే జవాబు చెప్పలేదు. వయసు, పిల్లలు, చిన్నవాడికి పాలు మాన్పించారా, భర్త ఎప్పుడు వస్తాడు అని కనుక్కున్నాను. ఇరవై నాలుగేళ్ళు, ముగ్గురు పిల్లలు, చిన్నవాడికి పది నెలలు. భర్త రియాద్‌లో, షవ్వాల్‌లో ఛుట్టీ. షరీఅత్‌లో అనుమతి ఉందని, అయితే ముందు భర్తకు ఫోన్ చేసి మాట్లాడమని, సర్కారు దవాఖానాలో రక్త పరీక్ష చేయించుకోమని చెప్పి పంపాను. వారం తర్వాత కబురు వచ్చింది. భర్త ఒప్పుకున్నాడు. రక్తం మరీ తక్కువగా ఉందట. డాక్టరమ్మ ఐరన్ మాత్రలు ఇచ్చి, మూడు నెలల తర్వాత రమ్మన్నదట. ఆ మూడు నెలలూ, షవ్వాలూ గడిచిపోయాయి. చివరికి ఏమి వేయించుకున్నారో, అసలు వేయించుకున్నారో లేదో నేను అడగలేదు.